శబ్దం రాకముందే చెవిలో కరెంటు

మా పాప రెండేళ్లప్పుడు బోనాల నాడు డప్పుకు ఎగిరింది. ముత్యాలమ్మ గుడి ముందు ఆరుగురు డప్పు కొడుతున్నారు. వాళ్లకు రెండడుగుల దూరంలో నిలబడి, కాళ్లు నేలకేసి కొడుతూ, చేతులు పైకెత్తి ఎగిరింది. మా పెద్దమ్మ నా భుజం మీద చెయ్యేసి, "చూడు కొడకా, చెవులు వినబడకపోతే డప్పుకు ఎట్ల ఎగురుతది? మాటలు లేటుగ వస్తయి తియ్. నువ్వు గూడ నాలుగేండ్లకు మాట్లాడినవ్" అన్నది. అప్పటికి ఆరు నెలల నుంచి నేనూ నా భార్యా లోలోపల టెన్షన్ పడుతున్నాం. ఏడాదిన్నర వయసులో ఒక డాక్టరుకు చూపిస్తే ఆయన కూడా మూడేళ్లు నిండే దాకా చూద్దామన్నాడు. ఇప్పుడు పెద్దమ్మ మాటతో బరువు పూర్తిగా దిగిపోయినట్టయింది. ఇంకో నాలుగు నెలలు ఎక్కడికీ తీసుకుపోలేదు.

డప్పు దగ్గర నిలబడినవాళ్లకు ఆ చప్పుడు చెవుల్లోంచే రాదు. రొమ్ములో అదురుతుంది, అరికాళ్లలోంచి పైకి పాకుతుంది. పాప ఎగిరింది ఆ అదురుకు. ఇంట్లో మేం చేసిన పరీక్షా అంతే. మా అత్తమ్మ వెనక నుంచి వచ్చి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టేది. మంచం మీద కూర్చున్న పాప గిరుక్కున తిరిగేది. "ఇగో, ఇంటున్నది" అని అందరం సంబరపడేవాళ్లం. అత్తమ్మ మోకాలు మంచం పట్టెకు తగులుతోందనీ, ట్యూబ్‌లైటు వెలుగులో ఆమె నీడ ముందు గోడ మీద పడుతోందనీ నేను గమనించేసరికి చాలా ఆలస్యమైంది.

నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని. దేవరకొండ అవతల 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. పాపకు రెండేళ్ల నాలుగు నెలలప్పుడు హైదరాబాద్‌లో, చెవి నరం శబ్దానికి స్పందిస్తోందో లేదో చూసే బెరా టెస్టు చేశారు. సిరప్ తాగించి నిద్రపుచ్చి, నుదుటి మీద ఒకటి, చెవుల వెనక చెరొకటి తీగలు అంటించారు. చెవిలోకి టిక్కు టిక్కుమనే శబ్దం పంపిస్తారు. ఒకటి రెండు కాదు, వెయ్యికి పైగా. ఒక్కో టిక్కుకు చెవి నరం నుంచి మెదడు కాండం దాకా పోయే సిగ్నల్ నెత్తి మీద కొలిస్తే మైక్రోవోల్టుకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకే అన్ని టిక్కుల సగటు తీస్తే గాని గీత మీద కనబడదు. వినే పిల్లలకు పది మిల్లీసెకన్లలోపల ఐదు చిన్న చిన్న గుట్టలు లేస్తాయి. మా పాప గీత మీద ఏ గుట్టా లేవలేదు. శబ్దం 90 డెసిబెల్స్‌కు పెంచారు. అప్పుడూ లేవలేదు. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైను) ట్రిప్ అయినప్పుడు మీటర్‌లో ముల్లు సున్నా మీద పడుకోవడం రోజూ చూసేవాణ్ణి. టెస్టు చేసిన అమ్మాయి రిపోర్టు రాయకముందే నాకు అర్థమైంది. బయట బెంచీ మీద కూర్చున్న నా భార్యకు నేనే చెప్పాను.

అప్పటి నుంచి రాత్రి డ్యూటీల్లో చెవి గురించే చదువుతున్నాను. చదివే కొద్దీ ఒక విషయం గట్టిపడింది. పిల్లల చెవి విషయంలో మనవాళ్లు ఇంత తేలిగ్గా అనే "చూద్దాం తియ్" అన్న మాటకు ఎక్కడా ఆధారం లేదు. చెవి లోపల కరెంటు ఎట్లా ఎక్కుతుందో తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. అందుకే ఆ సంగతి నాకు అర్థమైనంత మేరకు వివరంగా రాస్తున్నాను.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది. దాన్ని కాక్లియా అంటారు. అందులో ఒక పొర మీద హెయిర్ సెల్స్ వరుసలు కట్టి ఉంటాయి. తెలుగులో రోమకణాలు అంటున్నారు గాని అవి మన వెంట్రుకల లాంటివి కావు. ఒక్కో కణం నెత్తిన, మెట్లు మెట్లుగా పేర్చినట్టు సన్నటి పుల్లల మోపు ఉంటుంది. ఒక చెవిలో లోపలి వరుసలో 3,500 దాకా, బయటి మూడు వరుసల్లో 12 వేల దాకా ఈ కణాలుంటాయి. మెదడుకు కబురు పంపేది ముఖ్యంగా ఆ లోపలి 3,500. బయటివి చిన్న శబ్దాన్ని పెంచి వాటికి అందిస్తాయి. కోడిలో ఇవి పోతే మళ్లీ పుడతాయి. మనిషిలో పుట్టవు.

పొట్టి పుల్ల కొసను పక్కనున్న పొడుగు పుల్లకు కలుపుతూ తాడు లాంటి పోగు ఉంటుంది. శబ్దానికి మోపు వంగితే ఆ పోగు బిగుసుకుని ఒక ద్వారాన్ని లాగి తెరుస్తుంది. పైన నిండి ఉన్న ద్రవం నుంచి పొటాషియం కణంలోకి దూకుతుంది. మామూలుగా మన శరీరంలో ఛానల్ తెరుచుకుంటే పొటాషియం కణంలోంచి బయటికి పోతుంది. ఇక్కడ మాత్రం లోపలికి వస్తుంది. కారణం వోల్టేజీ. పైనున్న ద్రవం ప్లస్ 80 మిల్లీవోల్టుల మీద ఉంటుంది, కణం లోపల మైనస్ 60 దగ్గర. మధ్య తేడా 140 మిల్లీవోల్టులు, టార్చిలైటు సెల్లులో ఇంచుమించు పదో వంతు. కంటికి కనబడని కణానికి అది పెద్ద ఒత్తిడే. ఆ ప్లస్ 80ని 1950ల మొదట్లో కొలిచి చూపించినవాడు బెకెషి. చెవి మీద చేసిన పరిశోధనకే ఆయనకు 1961లో నోబెల్ వచ్చింది. ఈ బ్యాటరీని పగలూ రాత్రీ ఛార్జ్ చేసేది కాక్లియా పక్కగోడ మీద రక్తనాళాలతో నిండిన ఒక పట్టీ.

ఇది తయారైపోయిన చెవి సంగతి. తయారవుతున్న చెవిలో ఏం జరుగుతుందన్నదే నన్ను పట్టి కూర్చోబెట్టింది.

ఎలుక పిల్ల చెవిటిగానే పుడుతుంది. పన్నెండు రోజులకు గాని దానికి వినపడదు. మనిషి బిడ్డకు తల్లి కడుపులో జరిగే పని ఎలుకకు బయట, కళ్లముందు జరుగుతుంది. (మన పిల్లలు 25వ వారం దగ్గర నుంచి కడుపులోనే శబ్దానికి ఉలికిపడతారు.) అందుకే శాస్త్రవేత్తలు ఈ లెక్కలన్నీ ఎలుకల్లోనే తీశారు. 1998లో క్రోస్, ఆయన సహచరులు వినికిడి మొదలుకాని ఎలుక పిల్లల్లో లోపలి వరుస కణాల వోల్టేజీ కొలిచారు. చెవిలోకి శబ్దం వచ్చే దారే ఇంకా తెరుచుకోలేదు. బ్యాటరీ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. అయినా ఆ కణాలు కాల్షియంతో టపటపా కొట్టుకుంటున్నాయి. వినడానికి ఏమీ లేకుండానే నరానికి కబుర్లు పంపిస్తున్నాయి.

అట్లా ఎందుకు కొట్టుకుంటాయన్నదానికి 2007లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో బెర్గల్స్ బృందం దారి చూపింది. వినికిడి రాకముందు ఆ వరుసల పక్కన ఆసరా కణాల గుంపు ఒకటి ఉంటుంది. పని అయిపోయాక అది కరిగిపోతుంది. ఆ గుంపు ఉండి ఉండి ఏటీపీ అనే పదార్థాన్ని విడుస్తుంది. దాంతో చుట్టూ పొటాషియం పెరిగి, అక్కడక్కడే ఉన్న నాలుగైదు హెయిర్ సెల్స్ ఒక్కసారిగా కొట్టుకుంటాయి. కాక్లియాలో పక్కపక్కనున్న కణాలు దగ్గర దగ్గర స్వరాలను పట్టుకుంటాయి. మొదట్లో ఉన్నవి కీచుగొంతు, చివర ఉన్నవి బొంగురు గొంతు. పక్కపక్క కణాలు కలిసి కొట్టుకుంటే, వాటి వైర్లు కూడా పక్కపక్కనే పోవాలని మెదడుకు తెలుస్తుంది. 2018లో అదే బృందం బతికున్న ఎలుక పిల్లల మెదడులోనే ఈ అలలు పైదాకా పోవడం చూసింది.

కొత్త లైను వేశాక మేం నేరుగా లోడ్ ఇవ్వం. మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూస్తాం, ఎర్తింగ్ చూస్తాం, స్తంభాల నంబర్లు సరిచూస్తాం. నో లోడ్ మీద ఛార్జ్ చేసి కొంతసేపు ఉంచుతాం. ఆ తర్వాతే మోటార్లకు ఇస్తాం. చెవిలోనూ అదే వరస అని చదివిన రాత్రి ఆ పేజీ మూడుసార్లు చదివాను. మా అమ్మ భాషలో చెప్పాలంటే, గింజ పడకముందే దుక్కి అయిపోతున్నది.

ఆ కొట్టుకోవడం అదుపు తప్పకుండా మెదడు కాండం నుంచి ఒక నరం వచ్చి ఈ కణాలకు బ్రేకు వేస్తుంటుంది. పన్నెండో రోజు దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకదాని వెంట ఒకటి మారతాయి. కణంలో పెద్ద పొటాషియం ఛానళ్లు దిగుతాయి. సొంతంగా కొట్టుకోవడం ఆగిపోతుంది. బ్రేకు వేసే నరం తప్పుకుంటుంది. బ్యాటరీ పూర్తి వోల్టేజీకి దగ్గరవుతుంది. అప్పటిదాకా స్విచ్చులా ఆన్, ఆఫ్ కొట్టిన కణం ఆ రోజు నుంచి ఫ్యాను రెగ్యులేటర్‌లా పనిచేస్తుంది. శబ్దం ఎంత ఉంటే అంత వోల్టేజీ, అంత కబురు. ఇక బయటి ప్రపంచం వినిపించాలి. అది వినిపించకపోతే, అంత దూరం వేసుకొచ్చిన వైర్లకు పని ఉండదు. పని లేని మెదడు భాగాన్ని చూపు, స్పర్శ లాంటివి మెల్లగా వాడుకోవడం మొదలుపెడతాయి.

ఇన్ని దశలున్నప్పుడు ఫాల్టు ఎక్కడైనా రావచ్చు. "చెవిటి" అని అందరినీ ఒకే మాటతో కట్టేస్తాం గాని లోపల ఒక్కొక్కరిది ఒక్కో చోట.

మన దేశంలో పుట్టు చెవుడు ఉన్న పిల్లల్లో తరచుగా కనబడే కారణం కనెక్సిన్ 26 అనే ప్రొటీన్. ఇది అసలు హెయిర్ సెల్స్‌ది కాదు, పక్కనుండే ఆసరా కణాలది. ఆ కణాలను ఒకదానికొకటి కలిపే గొట్టాలు దీనితోనే కట్టుకుంటాయి. 226 పూసల దండలాంటి ఈ ప్రొటీన్, మన దగ్గర ఎక్కువగా కనిపించే మార్పులో 24వ పూస దగ్గరే తెగిపోతుంది. పక్కవాళ్ల ఆసరా లేక హెయిర్ సెల్ పాడవుతుంది. ఈ ప్రొటీన్‌ను తయారుచేయించే జీన్‌కు చెవుడుతో సంబంధం ఉందని 1997లో తెలిసింది. మా పాపదీ ఇదే.

ఇంట్లో అసలు గొడవ ఇక్కడ మొదలైంది. గ్రహణం నాడు బయట తిరిగిందని కొందరు, మొదటి నెలల్లో ఏదో గోలీ మింగిందని కొందరు, మొత్తానికి అందరూ నా భార్య వైపే చూశారు. మాది మేనరికం. ఆమె మా మేనమామ బిడ్డ. ఈ జీన్ చెడ్డ కాపీ ఒక్కటి ఉంటే ఎవరికీ ఏమీ కాదు. అమ్మ నుంచి ఒకటి, నాయిన నుంచి ఒకటి, రెండూ వస్తేనే బిడ్డకు వినపడదు. నా దగ్గర ఉన్నదీ ఆమె దగ్గర ఉన్నదీ ఒకే తాత నుంచో అవ్వ నుంచో వచ్చి ఉండాలి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఈ లెక్కను నేను పలక మీద బొమ్మ వేసి మా అత్తమ్మకూ, మా అమ్మకూ, మా మామకూ చూపించాను. మామ చాలాసేపు ఆ పలక పట్టుకుని కూర్చుని, "అయితే నా బిడ్డ తప్పేం లేదన్నట్టు" అన్నాడు. ఆ ముక్క నాలుగు నెలల ముందే అనిపించలేకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. మేనరికాలు మానాలని నేను గట్టిగా చెప్తాను. చేసుకున్నవాళ్ల పిల్లలకు పుట్టగానే చెవి పరీక్ష చేయించాలని ఇంకా గట్టిగా చెప్తాను.

ఇంకో ఫాల్టు గురించి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. చెవి బ్యాటరీని ఛార్జ్ చేసే పట్టీలో ఒక పొటాషియం ఛానల్ ఉంది. అదే ఛానల్ గుండెలోనూ ఉంది. అది రెండు చోట్లా చెడిపోతే పుట్టుకతోనే వినపడదు, గుండె కొట్టుకునే వరసా గాడి తప్పుతుంది. పిల్ల భయపడినప్పుడో పరుగెత్తినప్పుడో కళ్లు తిరిగి పడిపోతుంది, ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగె నీల్సెన్ అనే డాక్టర్లు ఒక కుటుంబంలో దీన్ని గుర్తించారు. ఇది అరుదు. కానీ దీన్ని అనుమానించడానికి కావాల్సింది ఒక ఈసీజీ కాగితం. పుట్టు చెవుడు ఉన్న ప్రతి బిడ్డకూ ఆ కాగితం ఒక్కసారైనా తీయించండి. ముఖ్యంగా ఎప్పుడైనా పడిపోయిన బిడ్డకు.

మూడోది ఓటోఫెర్లిన్. ఇందులో బ్యాటరీ బాగానే ఉంటుంది, కణంలో వోల్టేజీ బాగానే లేస్తుంది, నరానికి కబురు విడిచే చోట మాత్రం ఆగిపోతుంది. బ్రేకర్ దాకా సప్లై ఉండి, లైనుకు కలిపే జంపర్ వైరు తెగినట్టు. కణం బతికే ఉంటుంది కాబట్టి జీన్ చికిత్సకు ఇదే మొదట లొంగింది. 2024 జనవరిలో షాంఘై డాక్టర్లు ఆరుగురు పిల్లలకు మంచి కాపీని చెవిలోకి ఎక్కిస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు మా పాపకు ఇది కాదని తెలిసీ చాలాసేపు సంతోషంగా ఉన్నాను.

ఇప్పుడు "చూద్దాం" దగ్గరికి వస్తాను. ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ హెయిర్ సెల్స్‌ను బాగు చేయదు. వాటిని దాటి నేరుగా నరానికి కరెంటు ఇస్తుంది. 3,500 కణాలు చేసే పనిని 12 నుంచి 22 ఎలక్ట్రోడ్‌లు చేయాలి. మిగతా లోటంతా మెదడు పూడ్చాలి. లేత మెదడు పూడుస్తుంది. 2002లో అను శర్మ, ఆమె సహచరులు పుట్టు చెవుడు ఉన్న పిల్లల్లో కొలిచి చూస్తే, మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల మెదడు స్పందన వినే పిల్లల స్థాయిని అందుకుంది. ఏడేళ్లు దాటాక పెట్టినవాళ్లలో చాలామందిలో అందుకోలేదు. మూడేళ్లు నిండే దాకా చూద్దామన్న డాక్టరు మాట వినుంటే మా చేతిలో ఆరు నెలలే మిగిలేవి. టెస్టులు, స్కానింగులు, సంతకాలు, ఆపరేషన్ తేదీ అన్నీ అందులోనే కావాలి. "నువ్వు గూడ నాలుగేండ్లకు మాట్లాడినవ్" అన్న పెద్దమ్మ మాట నిజమే. కానీ నాకు నాలుగేళ్లూ వినపడుతూనే ఉంది. మాట ఆలస్యమవడం వేరు, వినకపోవడం వేరు. మొదటిదా రెండోదా అన్నది పళ్లెం మోగించి తేల్చేది కాదు.

పాపకు మూడేళ్లు నిండడానికి రెండు నెలల ముందు ఆపరేషన్ అయింది. ఆపరేషన్‌తో అయిపోతుందనుకునేవాళ్లకు ఒక మాట. స్విచ్ ఆన్ చేసిన రోజు పాప ఏడ్చింది, భయపడి నా చొక్కా పట్టుకుంది. తర్వాత రెండేళ్లు వారం వారం థెరపీకి బస్సు ప్రయాణం. మధ్యలో ప్రోగ్రామింగ్ సరిచూయించుకోవడం. వానాకాలం చెమ్మకు ఇంప్లాంట్‌కు శబ్దం అందించే, చెవి మీది మిషన్ మొరాయించడం, వైరు తెగితే కొత్తది వచ్చే దాకా పాప మళ్లీ నిశ్శబ్దంలో ఉండిపోవడం. నా భార్య కుట్టుమిషన్ పని పూర్తిగా మానేసింది. ఆరోగ్యశ్రీ వచ్చాక పేద పిల్లలకూ ఈ ఆపరేషన్ అందింది. అది చాలా గొప్ప సంగతి. ఆపరేషన్ తర్వాతి ఈ ఏళ్ల తరబడి పనికి ఊళ్ల దగ్గర్లో మనుషులు లేకపోవడం మాత్రం అంతే పెద్ద లోటు. థెరపీ కేంద్రం నల్లగొండలోనో దేవరకొండలోనో ఉండి ఉంటే మాతో పాటు మొదలుపెట్టిన ఇద్దరు పిల్లలు మధ్యలో మానేసేవాళ్లు కాదు.

సైగలు నేర్పితే మాటలు రావని మమ్మల్ని చాలామంది భయపెట్టారు. ఆ భయానికి లొంగి మొదట్లో పాప చేతులు పట్టుకుని ఆపేవాళ్లం. అది తప్పని ఇప్పుడు నమ్ముతున్నాను. మెదడుకు సమయానికి అందాల్సింది భాష. అది చెవిలోంచి రానీ, కళ్లలోంచి రానీ. ఇంప్లాంట్ కుదరని పిల్లలకు, ఆలస్యమైన పిల్లలకు సైగ భాష ఆఖరి దిక్కుగా ఇవ్వకూడదు, మొదటి నుంచీ ఇవ్వాలి. అసలు ఏ భాషా లేకుండా పిల్లను నాలుగేళ్లు ఖాళీగా ఉంచడమే అన్నిటికన్నా అన్యాయం.

నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల మిషనో థెరపీనో మొదలు. ప్రపంచమంతా డాక్టర్లు చెప్పే లెక్క ఇదే. మొదటి పరీక్షకు సూది లేదు, సిరప్ లేదు. చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపితే, ఆరోగ్యంగా ఉన్న బయటి వరుస కణాలు కదిలి తిరిగి సన్నటి శబ్దం చేస్తాయి. చెవి కూడా శబ్దం చేస్తుందని 1978లో డేవిడ్ కెంప్ చూపించాడు. ఆ శబ్దాన్ని మిషన్ పట్టుకుంటుంది. కొన్ని నిమిషాల పని. దీని పేరు ఓఏఈ. ఓటోఫెర్లిన్ లాంటి ఫాల్టు ఇందులో దొరకదు కాబట్టి, ఐసీయూలో ఉన్న పిల్లలకు, పచ్చకామెర్లు ఎక్కువైన పిల్లలకు, జెంటామైసిన్, అమికాసిన్ ఇచ్చిన పిల్లలకు బెరా కూడా అడగాలి. ఆ మందులు ప్రాణం కాపాడతాయి, కానీ పొటాషియం వచ్చే ఆ ద్వారంలోంచే హెయిర్ సెల్‌లోకి దూరి దాన్ని చంపగలవు.

పిల్లల్లో జబ్బులను ముందే పట్టుకోవడానికి 2013లో మొదలైన కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కేలో పుట్టు చెవుడు కూడా ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే పథకమూ ఉంది, పెద్దాసుపత్రులూ దగ్గరికొచ్చాయి. పోలియో చుక్కల రోజు ఊరు ఊరంతా కదులుతుంది, ఆశ వర్కర్ ఇంటింటికీ తిరుగుతుంది. పుట్టిన ప్రతి బిడ్డ చెవిలోనూ ఆ గొట్టం పెట్టనిదే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపకూడదని మనం అదే పట్టుదలతో అడగాలి. కాన్పు గదుల్లో బరువు తూచే కాటా ఎంత మామూలో ఈ మిషన్ అంత మామూలు కావాలి.

పోయిన నెల మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. తొట్టెల ఇరవై ఒకటో రోజు పెట్టుకున్నారు. అప్పటిదాకా బిడ్డను గడప దాటించొద్దని మా అమ్మ అన్నది. నేను ఏమీ అనలేదు. పాపే వాళ్ల నాయినమ్మ దగ్గరికి పోయి, చెవి మీది మిషన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. అమ్మ కాసేపు దాన్ని చూసి, "సరే, ఎండ తగ్గినంక తీస్కపోండి" అన్నది.

పన్నెండో రోజు సాయంత్రం ఆటోలో పోయాం. పిల్లవాడు పాలు తాగి నిద్రపోతున్నాడు. కుడి చెవికి పాస్ వచ్చింది. ఎడమ చెవికి రాలేదు. పుట్టినప్పటి తడి ఇంకా ఉండి ఉండొచ్చు, ఇట్లా చాలామందికి వస్తుంది, రెండు వారాలాగి రమ్మన్నారు. మా మరదలు నా మొహం చూసింది. నేను తేదీ, టైమూ రిపోర్టు వెనక ఒకసారి, డ్యూటీకి పోయాక నా డైరీలో ఇంకోసారి రాసుకున్నాను. ఆ రోజు షిఫ్టు మార్చమని తోటి ఆపరేటర్‌కు చెప్పాను.